కోయాక్స్ కొయ్యబోయే ముందు

కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన హ్యామ్ (సరదాగా రేడియో నడిపే ఔత్సాహికుడు) మిద్దె మీద డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) కట్టేసి, కిందికొచ్చి, రేడియోని యాంటెన్నాకి కలిపే కోయాక్స్ కేబుల్ చుట్ట పక్కన కూర్చుని అడిగే ప్రశ్న ఒకటుంది: "కోయాక్స్ ఎన్ని మీటర్లకి కొయ్యాలి?" పన్నెండేళ్ల కిందట చెన్నైలో నేనూ అదే అడిగాను. మా పెరంబూరు వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, తెల్లవారుజామున 40 మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) మోర్స్. "రేడియో ఎక్కడుంది, యాంటెన్నా ఎక్కడుంది? మధ్యలో ఎంత దూరమో అంత. ఇంకేం కావాలి బాబూ?" అన్నారు.

నాకది నచ్చలేదు. ఇంత చదివి పరీక్ష రాస్తే జవాబు ఇంత చప్పగా ఉంటుందా అనిపించింది. కేబుల్ పొడవు అర తరంగానికి సరిపోవాలంటూ ఎక్కడో చూసిన హాఫ్ వేవ్ లెక్క వేసుకున్నాను. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-58 కేబుల్‌లో అర తరంగం 13.94 మీటర్లు. మా ఇంట్లో దారి 19 మీటర్లు. 14 చాలదు కాబట్టి దానికి రెట్టింపు, 28 మీటర్లు కొన్నాను. మిగిలిన 9 మీటర్లు బల్ల కింద చుట్టచుట్టి పెట్టాను. డైపోల్ బాగానే పనిచేసింది. అది ఆ 28 మీటర్ల మహిమే అనుకున్నాను.

కొన్నాళ్లకి అదే కేబుల్‌ని 145 మెగాహెర్ట్జ్ వర్టికల్ యాంటెన్నాకి తగిలించాను. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి వస్తోందో చెప్పేది, ఏమీ రాకపోతే 1) 1.7 చూపించింది. ఫరవాలేదులే అనుకుని రెండు వారాలు పిలిచాను. పలికినవాళ్లు లేరు. చివరికి పెద్దాయనే "ముందు పైకెక్కి చూడు" అన్నారు. ఎక్కి చూస్తే పీఎల్-259 కనెక్టర్‌లో నడిమి తీగ టంకం ఊడిపోయి ఉంది. అంటే రెండు వారాలూ కేబుల్ చివర యాంటెన్నాయే లేదు! ఏమీ తగిలించని కేబుల్‌కి మీటరు 1.7 ఎలా చూపించిందో తెలిసిన రోజునే పొడవు సంగతి నాకు అర్థమైంది. ఆ లెక్క కిందనే ఉంది.

ముందు పురికొస తీసుకోండి

మొదటి పని లెక్క కాదు, కొలత. రేడియో వెనక సాకెట్ నుంచి యాంటెన్నా ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నాని కలిసేచోటు) దాకా కేబుల్ ఏ దారిన వెళ్లబోతోందో ఆ దారినే ఒక పురికొస లాగండి. కిటికీ మూల, పిట్టగోడ మలుపు, వాటర్ ట్యాంకు చుట్టూ తిరుగుడు, మాస్టు పొడవు, అన్నీ అందులోకి రావాలి. కంటితో వేసిన అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది. రెండంతస్తుల ఇంట్లో "పది మీటర్లుంటుందిలే" అనుకున్నది పదిహేనో పదహారో తేలుతుంది. పురికొసని నేలమీద పరిచి టేపుతో కొలవండి.

దానికి కలపాల్సినవి కొన్నున్నాయి. రేడియోని ముందుకి లాగి వెనకాల చెయ్యి పెట్టడానికి ఒక మీటరు. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట వాననీళ్లు కేబుల్ వెంటే లోపలికి రాకుండా, రంధ్రం కన్నా కిందికి దిగి మళ్లీ పైకి వచ్చే వంపు ఒకటి, దానికి ఒక అర మీటరు. మాస్టు దగ్గర గాలికి ఊగడానికి ఇంకో అర మీటరు. కనెక్టర్ చెడితే కోసి మళ్లీ వేసుకోవడానికి రెండు చివరలా చెరో జానెడు. ఊగడానికి వదిలిన ఆ అర మీటరు వృథా కాదు. 2016 డిసెంబర్ 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు మా మాస్టు విరగలేదు, వంగిందంతే. కేబుల్ బిగువుగా కట్టి ఉండటంతో కనెక్టర్ మాత్రం ఊడొచ్చింది.

ఇలా వచ్చిన అంకెని కాగితం మీద రాసుకోండి. పదిలో తొమ్మిది ఇళ్లకి మీ కోయాక్స్ పొడవు అదే. మిగతా వ్యాసమంతా ఆ పొడవుకి ఏ కేబుల్ తగుతుంది, ఆ పదో ఇల్లు ఏది అన్నదాని గురించే.

ఆ పొడవులో ఎంత పోతోంది?

కోయాక్స్ తనలో వెళ్లే పవర్‌లో కొంత వేడిగా మింగేస్తుంది. ఎంత మింగుతుందన్నది కేబుల్ రకం, పొడవు, ఫ్రీక్వెన్సీ, ఈ మూడింటి మీద ఉంటుంది. దాన్ని డీబీల్లో (డెసిబెల్స్‌లో) చెప్తారు. 1 డీబీ పోతే దాదాపు అయిదో వంతు పోయినట్టు. 3 డీబీ పోతే సగం. 6 డీబీ పోతే మిగిలేది పావు వంతు, అవతలివాళ్ల సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరులో ఒక గీత తగ్గుతుంది.

మన బజారులో దొరికే మూడు కేబుళ్లకి 100 మీటర్ల నష్టం ఉజ్జాయింపుగా ఇది. ఆర్‌జీ-58: 7 మెగాహెర్ట్జ్ దగ్గర 4 డీబీ, 145 దగ్గర 20, 435 దగ్గర 36 నుంచి 40. ఆర్‌జీ-213: 7 దగ్గర 2కి కాస్త తక్కువ, 145 దగ్గర 9, 435 దగ్గర 16 పైచిలుకు. ఎల్‌ఎంఆర్-400: 7 దగ్గర 1 పైచిలుకు, 145 దగ్గర 5, 435 దగ్గర 9. తయారీదారుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. డీబీలు పొడవుతో సమంగా పెరుగుతాయి కాబట్టి 30 మీటర్లకైతే ఈ అంకెల్ని 0.3తో గుణిస్తే చాలు.

ఇప్పుడు నా 28 మీటర్ల తెలివితేటలు చూడండి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-58లో 28 మీటర్లకి 5.6 డీబీ. రేడియో 50 వాట్లు ఇస్తే పైకి చేరేది 14 వాట్ల లోపు. అవసరమైన 19 మీటర్లే వేసి ఉంటే 3.8 డీబీ పోయి దాదాపు 21 వాట్లు చేరేవి. బల్ల కింద ముద్దుగా చుట్టిపెట్టిన 9 మీటర్లు ఒక్కటే 7 వాట్లు తినేసింది. ఆ 19 మీటర్లకి ఎల్‌ఎంఆర్-400 వేసి ఉంటే 40 వాట్లు పైకెళ్లేవి. పొడవు ఇల్లు నిర్ణయిస్తుంది. మన చేతిలో ఉన్నది కేబుల్ రకం ఎంచుకోవడమే.

ఇదే లెక్క 7 మెగాహెర్ట్జ్‌కి వేస్తే అంత టెన్షన్ అక్కర్లేదు. 30 మీటర్ల ఆర్‌జీ-58లో పోయేది 1.2 డీబీ, అంటే 50 వాట్లలో 38 పైకి వెళ్తాయి. ఆ తేడా అవతల నెల్లూరులో, విజయవాడలో వినేవాళ్లకి తెలియను కూడా తెలియదు. అందుకే 40 మీటర్ల డైపోల్‌కి ఖరీదైన లావు కేబుల్ కొనమని నేను ఎవరికీ చెప్పను. లావు కేబుల్ బరువుకి డైపోల్ మధ్యలో కిందికి వేలాడుతుంది కూడా.

వినడం సంగతికొస్తే ఇంకో తేడా ఉంది. హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) బ్యాండుల్లో గోలంతా బయటినుంచి వచ్చేదే: ఆకాశంలోది, దానికి తోడు ఇరుగుపొరుగు ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లది. కేబుల్‌లో 2 డీబీ పోతే సిగ్నలూ తగ్గుతుంది, గోలా తగ్గుతుంది, వినిపించడంలో తేడా రాదు. 435 దగ్గర అలా కాదు. అక్కడ బయటి గోల తక్కువ, రిసీవర్ సొంత గోలే ఎక్కువ. కేబుల్‌లో పోయిన ప్రతి డీబీ వినికిడిలోంచే పోతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రిపీటర్ (విన్నదాన్ని తిరిగి పంపే రేడియో) 437.800 మెగాహెర్ట్జ్ మీద కిందికి పంపేది వినాలనుకునేవాళ్లకి 20 మీటర్ల ఆర్‌జీ-58 అంటే చెవుల్లో దూది పెట్టుకున్నట్టే. ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచే పెట్టె) పెట్టదలచుకుంటే అది కేబుల్ పై చివర, యాంటెన్నా పక్కనే ఉండాలి. కింద పెడితే కేబుల్ మింగిన సిగ్నల్‌ని అది తిరిగి తేలేదు.

ఒక మోటు సూత్రం పెట్టుకోండి. మొత్తం నష్టం హెచ్‌ఎఫ్‌లో 1.5 డీబీ, వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్‌లలో (మన 145, 435) 2 డీబీ దాటకుండా చూసుకోండి. దాటుతుంటే మొదట రేడియోని మిద్దెకి దగ్గరగా ఉన్న గదిలోకి మార్చలేమా అని ఆలోచించండి, ఆ తరవాతే లావు కేబుల్. పై అంతస్తు మెట్ల గదిలో బల్ల వేసుకోవడం అన్నిటికన్నా చవక.

కింది మీటరు చెప్పే అబద్ధం

ఇందాక వదిలేసిన లెక్క ఇది. కేబుల్ పైచివర ఏమీ లేకపోతే వెళ్లిన పవర్ అంతా వెనక్కి తిరిగొస్తుంది. అయితే వెళ్లేటప్పుడు 5.6 డీబీ, వచ్చేటప్పుడు మళ్లీ 5.6 డీబీ కేబుల్ మింగుతుంది. మొత్తం 11.2 డీబీ. కింది మీటరుకి కనిపించేది ఆ మిగిలిన కొంచెమే. దాన్ని ఎస్‌డబ్ల్యూఆర్‌లోకి మారిస్తే 1.76 వస్తుంది. యాంటెన్నా లేకపోయినా 1.76! కనెక్టర్‌లోకి నీళ్లు దిగి కేబుల్ నష్టం ఇంకా పెరిగితే మీటరు ఇంకా అందమైన అంకె చూపిస్తుంది. వానాకాలం వెళ్లాక ఎస్‌డబ్ల్యూఆర్ దానంతటదే బాగుపడితే సంతోషించకండి, పైకెక్కి చూడండి.

అందుకే యాంటెన్నాని ట్యూన్ చేసేటప్పుడు మీటరునో నానోవీఎన్‌ఏనో (యాంటెన్నాని, కేబుల్‌ని కొలిచే చిన్న సాధనం) పైకి తీసుకెళ్లి, ఫీడ్ పాయింట్ దగ్గర ఒక జానెడు కేబుల్‌తో కొలవండి. మిట్ట మధ్యాహ్నం చెన్నై మిద్దె మీద స్క్రీన్ కనిపించదు, కాళ్లు కాలతాయి. సాయంత్రం అయిదు తరవాత వెళ్లండి.

హాఫ్ వేవ్ మాట ఎక్కడ పుట్టింది?

పూర్తిగా పుక్కిటి పురాణం కాదది. కోయాక్స్‌లో ఒక నిజమైన గుణం ఉంది: సరిగ్గా అర తరంగం పొడవుంటే పైచివర ఏ ఇంపీడెన్స్ (రేడియో కరెంటుకి ఎదురయ్యే అడ్డు, ఓమ్స్‌లో) ఉందో కిందిచివరా అదే కనిపిస్తుంది. పావు తరంగం అయితే తిరగబడి కనిపిస్తుంది. 50 ఓమ్స్ కేబుల్ పైన 100 ఓమ్స్ ఉంటే కింద 25 అవుతుంది. వెనకటికి ఇంపీడెన్స్ కొలిచే సాధనాలని కింద బల్ల మీద పెట్టుకుని పైన యాంటెన్నా అసలు విలువ చదవాలంటే హాఫ్ వేవ్ కేబుల్ ఉంటే తేలిక. ఆ అవసరం కోసం చెప్పిన మాటని మనవాళ్లు ప్రతి స్టేషనుకీ అంటించేశారు.

ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం మారదు. పై ఉదాహరణలో 100 ఓమ్స్‌కీ ఎస్‌డబ్ల్యూఆర్ 2, 25 ఓమ్స్‌కీ 2. కేబుల్ పొడవు పెంచుతూ పోతే స్మిత్ చార్ట్ (ఇంపీడెన్స్‌ని చూపే గుండ్రటి పటం) మీద అదే వలయం చుట్టూ తిరుగుతుంటాం, మధ్యకి, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ 1కి చేరం. మధ్యవైపు కాస్త జరిగితే అది కేబుల్ మింగడం వల్లే. కాబట్టి 50 ఓమ్స్ రేడియో, 50 ఓమ్స్ కేబుల్, దాదాపు 50 ఓమ్స్ యాంటెన్నా ఉన్నచోట హాఫ్ వేవ్ పొడవు వల్ల ఒరిగేదేమీ లేదు. 2 ఎస్‌డబ్ల్యూఆర్ గురించి కూడా హెచ్‌ఎఫ్‌లో గుండెలు బాదుకోనక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-58లో దానివల్ల అదనంగా పోయేది పావు డీబీ కూడా కాదు.

లెక్క తెలిసి ఉండటం మంచిదే, కొన్నిచోట్ల అవసరం పడుతుంది. గాలిలో అర తరంగం మీటర్లలో కావాలంటే 150ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. దాన్ని కేబుల్ వెలాసిటీ ఫ్యాక్టర్‌తో (కేబుల్‌లో సిగ్నల్ కాంతి వేగంలో ఎన్నో వంతు వేగంతో వెళ్తుందో ఆ అంకెతో) గుణించండి. లోపల గట్టి పాలిథిలీన్ ఉన్న ఆర్‌జీ-58, ఆర్‌జీ-213లకి అది 0.66. లోపల నురగలాంటి పాలిథిలీన్ ఉన్న కేబుళ్లకి 0.80 నుంచి 0.85, ఎల్‌ఎంఆర్-400కి 0.85. టెఫ్లాన్ ఉన్న ఆర్‌జీ-316 లాంటివాటికి 0.70 దగ్గర. 7.1కి 150 ÷ 7.1 = 21.13, దాన్ని 0.66తో గుణిస్తే 13.94. అదే నురగ కేబుల్ అయితే 17.96. నాలుగు మీటర్ల తేడా! ఏ కేబులో చెప్పకుండా "40 మీటర్లకి ఇన్ని అడుగులు" అని ఎవరైనా ఒక్క అంకె చెప్తే అక్కడితో వినడం ఆపేయండి.

పొడవు మారిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ మారుతోందా? అసలు జబ్బు వేరే

ఇక్కడ చాలామంది నాతో గొడవపడతారు. "మీరు మారదంటారు, నేను రెండు మీటర్లు కోస్తే 2.5 ఉన్నది 1.4 అయింది, కళ్లారా చూశాను" అంటారు. వాళ్లు చూసింది నిజమే. దాని అర్థం మాత్రం వేరు.

కోయాక్స్‌ని రెండు తీగలుగా అనుకుంటాం: నడిమి తీగ, దాని చుట్టూ వలలా అల్లిన బ్రెయిడ్. రేడియో ఫ్రీక్వెన్సీ దగ్గర బ్రెయిడ్ లోపలి ముఖం వేరు, బయటి ముఖం వేరు. సిగ్నల్ లోపలి ముఖం మీద ప్రయాణిస్తుంది. డైపోల్ మధ్యలో కోయాక్స్‌ని నేరుగా కలిపేస్తే కొంత కరెంటు బ్రెయిడ్ బయటి ముఖం పట్టుకుని కిందికి జారుతుంది. దాన్నే కామన్ మోడ్ కరెంటు అంటారు. అప్పుడు మీ డైపోల్‌కి రెండు చేతులు కాదు, మూడు. మూడోది గోడ వెంట మీ గదిలోకి దిగివచ్చే కేబులే. మీరు కేబుల్ కోస్తే కోస్తున్నది ఆ మూడో చేతిని. ఎస్‌డబ్ల్యూఆర్ మారక ఏం చేస్తుంది?

గుర్తుపట్టడం తేలిక. ట్రాన్స్‌మిట్ చేస్తూ కేబుల్‌ని గుప్పిట్లో పట్టుకుంటే మీటరు కదులుతుంది. మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటుంది. హ్యామ్‌లు తమ రేడియో గదిని షాక్ అంటారు, ఆ పేరు అప్పుడు సార్థకమవుతుంది. పక్కింటి స్పీకర్లో మీ గొంతు వినిపిస్తుంది. అటునుంచి పక్కింటి ఇన్వర్టర్ గోల మీ రిసీవర్లోకి వస్తుంది. ఇది రెండు వైపులా నడిచే దారి.

దీనికి మందు కత్తెర కాదు, ఆ బయటి కరెంటుని ఆపే చోక్. ఫీడ్ పాయింట్ దగ్గర 1:1 కరెంట్ బాలన్ (ఈ పనే చేసే పెట్టె) పెట్టండి. లేదా 31 రకం ఫెర్రైట్‌తో చేసిన 2.4 అంగుళాల పెద్ద రింగు మీద సన్న కోయాక్స్‌ని పది, పన్నెండు చుట్లు చుట్టండి. హెచ్‌ఎఫ్ బ్యాండుల్లో చాలాభాగానికి అది సరిపోతుంది. పసుపు, ఎరుపు రంగుల ఇనుప పొడి రింగులు చూడటానికి అలాగే ఉంటాయి, ఈ పనికి పనికిరావు. చోక్ పెట్టాక కేబుల్‌కి ఒక మీటరు కలిపి చూడండి, తీసి చూడండి. మీటరు కదలకపోతే జబ్బు కుదిరినట్టే.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు ఎక్కువగా కట్టేది ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్. ఇరవై మీటర్ల తీగ, ఒక చివర 49:1 ట్రాన్స్‌ఫార్మర్, అంతే. దీనికి కొంచెమైనా కౌంటర్‌పాయిజ్ (కరెంటు తిరిగి వెళ్లడానికి రెండో వైపు తీగ) కావాలి. మీరు ఇవ్వకపోతే అది కోయాక్స్ బ్రెయిడ్‌ని తీసేసుకుంటుంది. కాబట్టి మీరే కొలిచి ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు, అంటే 40 మీటర్ల బ్యాండుకి దాదాపు 2 మీటర్లు, కోయాక్స్‌ని వదిలి అక్కడ చోక్ పెట్టండి. ఆ 2 మీటర్లే కౌంటర్‌పాయిజ్ అవుతుంది, కిందిదంతా ఉత్త కేబుల్ అవుతుంది. ఈ యాంటెన్నాలో పొడవు నిజంగా లెక్కకొచ్చేది ఆ చిన్న ముక్కలోనే. గాలిలోకి తెరుచుకున్న బయటి ముఖం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి అక్కడ 0.66 వాడకూడదు.

నిజంగా కొలిచి కొయ్యాల్సిన చోట్లు

ఇందాక చెప్పిన పదో ఇల్లు ఇలాంటి చోట్లే.

75 ఓమ్స్ టీవీ కేబుల్ వాడుతున్నప్పుడు. ఆర్‌జీ-6 ప్రతి డిష్ షాపులోనూ చవగ్గా దొరుకుతుంది, నష్టమూ తక్కువే. 50 ఓమ్స్ యాంటెన్నాకీ 50 ఓమ్స్ రేడియోకీ మధ్య దాన్ని వేస్తే పావు తరంగం పొడవు దగ్గర రేడియోకి 112 ఓమ్స్ కనిపిస్తాయి, ఎస్‌డబ్ల్యూఆర్ 2.25. అర తరంగం దగ్గర 50 ఓమ్సే కనిపిస్తాయి. ఇక్కడ హాఫ్ వేవ్ సూత్రం బంగారంలా పనికొస్తుంది. 7.1కి వెలాసిటీ ఫ్యాక్టర్ 0.83 అనుకుంటే 17.5 మీటర్లు. అదే పొడవు 14.2కి రెండు అర తరంగాలు, 21.3కి మూడు, 28.4కి నాలుగు. 18 మెగాహెర్ట్జ్ బ్యాండులో మాత్రం లెక్క కుదరదు.

రెండు యాగీలని (ఒకే దిక్కుకి గురిపెట్టే యాంటెన్నాలని) ఒకదానిమీద ఒకటి పేర్చేటప్పుడు. రెండు కేబుళ్లూ ఒకే చుట్టలోంచి, ఒకే పొడవు ఉండాలి. 75 ఓమ్స్ కేబుల్‌ని పావు తరంగానికి బేసి రెట్లు కోస్తే ఒక్కో 50 ఓమ్స్ యాంటెన్నా 112 ఓమ్స్‌గా మారుతుంది, రెండూ కలిస్తే 56, రేడియోకి అది ఇష్టమే. 145 మెగాహెర్ట్జ్‌కి 0.66 కేబుల్‌లో పావు తరంగం 34.1 సెంటీమీటర్లు. అది రెండు యాంటెన్నాల మధ్య అందదు కాబట్టి మూడు రెట్లు 1.024 మీటర్లో, అయిదు రెట్లు 1.707 మీటర్లో తీసుకుంటారు. ఇక్కడ ఒక సెంటీమీటరు తప్పితే 145 దగ్గర రెండున్నర డిగ్రీల ఫేజ్ తేడా, 435 దగ్గర ఎనిమిది డిగ్రీలు.

ట్యూనర్‌తో (యాంటెన్నా ఇంపీడెన్స్‌ని రేడియోకి సరిపోయేలా మార్చే పెట్టెతో) తంటాలు పడుతున్నప్పుడు. బహుళ బ్యాండు తీగలకి కొన్ని బ్యాండుల్లో ఎస్‌డబ్ల్యూఆర్ బాగా ఎక్కువ ఉంటుంది. పొడవు మారిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ మారకపోయినా ఇంపీడెన్స్ మారుతుంది కదా, ట్యూనర్‌కి అందని విలువ అందే విలువ కావచ్చు. మూడు మీటర్ల ముక్క ఒకటి దగ్గర పెట్టుకుని అవసరమైన బ్యాండులో మధ్యలో కలపండి. అది ట్యూనర్‌కి చేసే ఉపకారమే గానీ యాంటెన్నాకి కాదు. కేబుల్‌లో పోయేది పోతూనే ఉంటుంది.

ఇలాంటి ముక్కలు కోసేటప్పుడు కేబుల్ మీద అచ్చువేసిన రకాన్ని నమ్మి 0.66 అనేసుకోకండి. పది మీటర్ల ముక్క తీసుకుని, అవతలి చివర ఏమీ తగిలించకుండా, నానోవీఎన్‌ఏతో కింది నుంచి చూసుకుంటూ వెళ్లండి. ఇంపీడెన్స్ మొదటిసారి దాదాపు సున్నాకి పడిపోయే ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ ముక్క పావు తరంగం. పొడవుని 4తో, ఆ ఫ్రీక్వెన్సీతో గుణించి 300తో భాగిస్తే వెలాసిటీ ఫ్యాక్టర్. పది మీటర్లకి 4.95 మెగాహెర్ట్జ్ వచ్చిందంటే 0.66. ఫేజింగ్ ముక్కని (యాగీల జతకి వాడే లాంటిదాన్ని) రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా కోసి, కనెక్టర్ కొస దాకా కొలుస్తూ, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి. కోసింది అతకదు.

రిచీ స్ట్రీట్‌లో

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీటే. ఉదయం పదకొండు లోపు వెళ్తే దుకాణాల వాళ్లకి మాట్లాడే ఓపిక ఉంటుంది. మీటరు లెక్కన కోసి ఇస్తారు. మీ అంకె రాసుకుని వెళ్లండి, దానికి ఇంకో మీటరు కలిపి అడగండి, అతుకులేని ఒకే ముక్క కావాలని చెప్పండి. ఒకసారి నేను 25 మీటర్లు తెచ్చుకుంటే ఇంటికొచ్చాక మధ్యలో టేపు చుట్టిన అతుకు కనిపించింది. ఎక్కడ కొన్నానన్నది వదిలేయండి, చుట్ట మొత్తం విప్పి చూడకుండా డబ్బులివ్వడం నా తప్పే.

జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. నడిమి తీగకి అది అంటుకుంటే లోపల ఇనుము, పైన రాగి పూత. టీవీ కేబుళ్లలో ఇది మామూలే. పై ఫ్రీక్వెన్సీల్లో కరెంటు పైపూతలోనే నడుస్తుంది కాబట్టి నష్టం లేదు. 3.5, 7 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం పలుచటి పూత చాలక నష్టం పెరుగుతుంది. తరవాత ఒక చివర తొక్క ఒలిచి బ్రెయిడ్ చూడండి. లోపలి తెల్ల ప్లాస్టిక్ సందుల్లోంచి బాగా కనబడుతుంటే వద్దు. బ్రెయిడ్ అల్యూమినియం అయితే టంకం పట్టదు, నొక్కి బిగించే కనెక్టర్లు కావాలి. పాత కేబుల్ చవగ్గా ఇస్తామంటే బ్రెయిడ్ రంగు చూడండి. నల్లబడిందంటే నీళ్లు తాగిన కేబుల్ అది.

నానోవీఎన్‌ఏ వెంట ఉంటే పాత కేబుల్ నష్టం అక్కడే తేల్చుకోవచ్చు. అవతలి చివర తెరిచి ఉంచి రిటర్న్ లాస్ (పంపినదానికన్నా వెనక్కి వచ్చింది ఎన్ని డీబీలు తక్కువో) చూడండి, దాన్ని సగం చెయ్యండి, అదే ఒకవైపు నష్టం. 145 దగ్గర 30 మీటర్ల మంచి ఆర్‌జీ-58కి రిటర్న్ లాస్ 12 డీబీ దగ్గర రావాలి. 18 చూపిస్తే ఆ కేబుల్ అక్కడే ఉంచి రండి.

బిగించాక

లావు కేబుల్‌ని మూలల్లో ఠక్కున వంచకండి. దాని మందానికి పదిరెట్లయినా వంపు వ్యాసార్ధం ఉండాలి, ఆర్‌జీ-213కి పది సెంటీమీటర్లు. మిగిలిన కేబుల్ ఒకటి రెండు మీటర్లయితే వదులుగా చుట్టి కట్టేయండి, అయిదారు మీటర్లు మిగిలితే మొహమాటం లేకుండా కోసేయండి. మిద్దె మీద అతుకు పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే ట్యాంకు నీడలో, కిందివైపు చూసేలా.

మన ఊళ్లో కనెక్టర్‌కి ఎండకన్నా సముద్రపు గాలి శత్రువు. సాగదీస్తే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపుని ముందు కింది నుంచి పైకి చుట్టి, దానిమీద మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఉత్త ఇన్సులేషన్ టేపు రెండు వేసవులకే జిగురు కారి ఊడిపోతుంది. నీళ్లు ఒక్కసారి బ్రెయిడ్‌లోకి వెళ్తే దీపం వత్తిలో నూనె పాకినట్టు మీటర్ల కొద్దీ పాకుతాయి. అప్పుడు చివర పది సెంటీమీటర్లు కోసి కొత్త కనెక్టర్ వేసినా లాభం లేదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్‌లో మొదలవుతాయి కాబట్టి ఈ పని సెప్టెంబర్‌లోనే ముగించండి. ఉరుములు మొదలవకముందే కేబుల్‌ని రేడియో నుంచి పీకి కిటికీ బయట పెట్టే అలవాటు చేసుకోండి.

అంతా అయ్యాక కింది చివర ఒక చీటీ కట్టండి: కేబుల్ రకం, పొడవు, వేసిన తేదీ, 145 మెగాహెర్ట్జ్ దగ్గర యాంటెన్నా తీసేసి చూసిన రిటర్న్ లాస్. మా చీటీ మీద "ఆర్‌జీ-213, 20.5 మీటర్లు, రిటర్న్ లాస్ 3.7" అని ఉంది. ప్రతి జనవరిలో వానలు వెలిశాక పైకెక్కి కనెక్టర్ విప్పి, కింద మళ్లీ కొలిచి పక్కన కొత్త అంకె రాస్తాను. పోయినేడు 3.9. ఈ ఏడాది 5.2 వచ్చింది, అందుకే వచ్చే ఆదివారం నిచ్చెన వేసుకోవాలి.